అరిగిన రూపాయి మీద సంవత్సరం చదవాలంటే

అల్లుడా,

నువ్వు పంపిన ఫొటోలు చూసిన. మా అమ్మ పెట్టెలో దొరికిన నిజాం కాలం నాటి చార్మినార్ రూపాయల మీద సంవత్సరం అరిగిపోయిందని, వీడియోలో చూసిన ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనం పూయాలనుకుంటున్నానని రాశావు. దయచేసి ఆ పని చేయకు.

ఆ మందు అమెరికావాళ్ల బఫెలో నికెల్ కోసం వాడేది. 1913 నుంచి 1938 దాకా వచ్చిన 5 సెంట్ల బిళ్ల అది. సంవత్సరం ఉబ్బెత్తు భాగం మీద ఉండడంతో త్వరగా అరిగింది. అచ్చు దెబ్బకు అంకెల కింది లోహం వేరుగా నలుగుతుంది కాబట్టి, పైన అరిగినా యాసిడ్ పోస్తే అంకె తేలుతుంది. అయితే అది రాగి, నికెల్ కలిసిన బిళ్ల. అక్కడ కూడా మచ్చ మిగిలి విలువ పడిపోతుంది. మనది వెండి. ఆ మందు వెండిని తిని మొహం పాడుచేస్తుంది, మళ్లీ బాగుచేయలేం.

చింతపండు, బూడిద, టూత్‌పేస్ట్ కూడా వద్దు. ఇత్తడి చెంబులా తళతళలాడితే చాలని తోమి, ఉన్న కాస్త అచ్చునూ పోగొట్టుకున్న ఇళ్లు మన జిల్లాలో ఎన్నో. జిడ్డుంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దు, రుద్దకు.

తర్వాత గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ను బల్లకు ఆనించినట్టు పక్కనుంచి వేసి నాణేన్ని మెల్లగా తిప్పు. ఒక కోణంలో అంకె నీడ పడుతుంది. చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది.

అప్పటికీ కనపడకపోతే నాణెం మీది చార్మినార్ బొమ్మ వాకిట్లో ఉన్న చిన్న ఉర్దూ అక్షరం చూడు. మీమ్ (م) అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఐన్ (ع) అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరంతో పాటు గద్దెనెక్కి ఎన్నో ఏడో కూడా నాణెం మీద ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది హిజ్రీ 1329లో, అంటే 1911లో. ఏలుబడి అంకె 8 కనపడితే హిజ్రీ 1337 దగ్గర, అంటే 1918-19. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు. నాలుగంకెల్లో రెండే మిగిలినా ఈ లెక్కతో పట్టుకోవచ్చు.

పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టకు, కొన్నేళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. కాగితం కవర్లో విడివిడిగా పెట్టి, దొరికిన చోటు, చదివిన అంకె కవర్ మీదే రాయి. దేవరకొండ నుంచి నల్లగొండకు వచ్చినప్పుడు పట్టుకురా. మంచి భూతద్దం నా దగ్గరుంది, కూర్చుని చూద్దాం.

మీ మామ