పెరటి ఆక్వాపోనిక్స్ (చేపల నీటితోనే మొక్కలు పెంచే పద్ధతి) తొట్టిలో పెంచిన చేపకు మట్టి వాసన ఎందుకు వస్తుంది?

తొట్టిలోని కొన్ని రకాల బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం చేప ఒంట్లో చేరడం వల్ల వస్తుంది. చేప చెడిపోయినట్టు కాదు, భయం లేకుండా తినవచ్చు. తొలకరికి నేల నుంచి లేచే కమ్మటి వాసన కూడా దీనిదే. జియోస్మిన్ చేప మొప్పల గుండా లోపలికి వెళ్లి, కొవ్వులో నిలిచిపోతుంది. అందుకే చేప బతికుండగానే, కొన్ని రోజులు మంచినీటిలో ఉంచి దీన్ని వదిలించాలి.

ఉదాహరణకు, అనంతపురంలో ఒక ఇంట్లో ఆదివారం పులుసుకు నాలుగు తిలాపియాలు కావాలంటే, ముందటి ఆదివారమే వాటిని డ్రమ్ములోని మంచినీటిలోకి మార్చి, మేత ఆపి, గాలి పంపు నడపాలి. కుళాయి నీరైతే క్లోరిన్ పోయేలా ఒక రోజు ముందే పట్టి ఉంచాలి. నీటి కరువు ప్రాంతం కదా, ఆ నీటిని పారబోయకుండా మొక్కలకే పోయండి.

కోసిన తర్వాత ఉప్పు, పసుపు వేసి గట్టిగా కడిగితే చాలని చాలామంది పొరబడతారు. వాసన ఉన్నది చర్మం మీద కాదు, కండలోని కొవ్వులో. చింతపండు పులుపు కొంత తగ్గిస్తుంది, అంతే.