టెంప్లేట్‌కి లెక్కలు అప్పగించకు

నాన్నా,

నిన్న రాత్రి నువ్వు పంపిన స్కూల్ ఫీజు రిమైండర్ ఉత్తరం టెంప్లేట్ రెండుసార్లు చదివాను. పనిచేస్తోందని రాశావు, సంతోషం. కానీ అందులో ఉన్న 140 వరుసల్లో తల్లిదండ్రులు చదివే వాక్యాలు పన్నెండే. మిగతాదంతా రూబీ భాషలో రాసిన కోడే. ఎవరి బాకీ ఎంతో డేటాబేస్‌లో వెతకడం, ఆలస్య రుసుము లెక్కకట్టడం, ఒకే ఇంటి పిల్లలకు రాయితీ మినహాయించడం, అన్నీ ఉత్తరం మధ్యలోనే. ఇవన్నీ ఫోన్‌లో హడావిడిగా చెప్పేకంటే రాసి పెడితేనే నీకు పనికొస్తుందనిపించింది.

ముందు ఒక పని చెయ్యి. నీ టెంప్లేట్‌ని నడిపేది రూబీతో పాటే వచ్చే ఈఆర్‌బీ అనే ఇంజిన్. టెర్మినల్‌లో ఈఆర్‌బీ కమాండ్‌కి మైనస్ ఎక్స్ (-x) తగిలించి నీ టెంప్లేట్ ఫైల్ ఇవ్వు. నీ ఉత్తరం ఒక మామూలు రూబీ ప్రోగ్రామ్‌గా మారి కనిపిస్తుంది. నువ్వు రాసిన మాటలన్నీ ఒక స్ట్రింగ్ (అక్షరాల వరుస) చివర అతికించే వరుసలవుతాయి. <% %> మధ్యలోది ఉన్నదున్నట్టు ప్రోగ్రామ్‌లోకి దిగుతుంది. <%= %> మధ్యలోదాని విలువ స్ట్రింగ్‌గా మారి అక్కడే అతుక్కుంటుంది. మసతోషి సెకి రాసిన ఈ ఇంజిన్‌లో దాచిన మాయ ఏమీ లేదు. టెంప్లేట్ అంటే ఖాళీలు పూరించే ఫారం అనుకుంటాం కానీ, అది నడిచే ప్రోగ్రామ్. నీ సర్వర్‌లో రూబీ ఏం చేయగలదో టెంప్లేట్ కూడా అదంతా చేయగలదు. అందుకే దానితో చేయించే పనులు బాగా తగ్గించాలి.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏట బిల్లు టెంప్లేట్ ఒకటి రాశాను. బిల్లు నంబరు ఒకటి పెంచి, సేవ్ చేసి, అక్కడే ముద్రించే వరుస అందులో పెట్టాను. నెల రోజులు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఎవరో స్క్రీన్ మీద ప్రివ్యూ బటన్ పెట్టారు. ప్రివ్యూ నొక్కిన ప్రతిసారీ ఒక నంబరు పోయింది. ఏడాది చివర ఆడిటర్లు వచ్చి మధ్యలో లేని బిల్లులు ఏమయ్యాయని అడిగారు. నేనూ ఇంకొకరూ మూడు రోజులు లాగ్‌లు ముందేసుకుని ఒక్కో నంబరుకీ కారణం రాసిచ్చాం. ఆ మూడు రోజుల టెన్షన్ నాకింకా గుర్తుంది. అప్పటినుంచి ఏ టెంప్లేట్ చూసినా ఒకటే అడుగుతాను: ఇదే డేటాతో పదిసార్లు నడిపితే పదిసార్లూ అదే ఉత్తరం వస్తుందా, బయట ఏమీ మారకుండా ఉంటుందా? నీ టెంప్లేట్‌లో రిమైండర్ పంపిన తేదీని సేవ్ చేసే వరుస ఉంది చూడు, అది ముందు తీసెయ్యి. ఉత్తరం నిజంగా వెళ్లాక, పంపే కోడ్ ఆ తేదీ రాసుకోవాలి.

ఆలస్య రుసుము, రాయితీ, మొత్తం, వరుసక్రమం ఇవన్నీ ఒక మామూలు రూబీ క్లాస్‌లోకి మార్చు. అక్కడైతే వాటికి టెస్టులు రాయగలవు. రేపు స్కూల్ వాళ్లు రాయితీ మార్చమన్నా ఉత్తరం జోలికి వెళ్లే పని ఉండదు. టెంప్లేట్‌లో మిగలాల్సింది విలువ ముద్రించడం, పిల్లల జాబితా మీద ఒక లూప్, బాకీ ఉంటే ఈ పేరా లేకపోతే లేదు అనే పాటి షరతు. షరతులో షరతు వచ్చి, ఏ ఎండ్ దేనిదో వేలు పెట్టి వెతుక్కోవాల్సి వస్తే ఆ ఆలోచన బయట జరగాలని అర్థం. ఈ ఉత్తరంలో మాటలు మార్చేది రేపు నువ్వే కానక్కర్లేదు. ఆఫీసులో తెలుగు బాగా రాసే మేడమ్ ఎవరైనా ఫైల్ తెరిస్తే, ఏది కదిలించకూడదో ఆమెకు చూడగానే తెలియాలి.

ఇంకోటి, నాకు ఎక్కువ భయం వేసింది దీన్ని చూసే. నువ్వు అన్నిచోట్లా @తో మొదలయ్యే వేరియబుల్స్ వాడి, బైండింగ్ పంపావు, అంటే నీ కోడ్‌లోని వేరియబుల్స్ అన్నీ టెంప్లేట్‌కి కనిపించేలా చేశావు. రూబీలో @ వేరియబుల్ పేరులో ఒక అక్షరం తప్పు పడినా ఎర్రర్ రాదు. దాని విలువ నిల్ (ఏమీ లేదు) అవుతుంది, నిల్‌ని ఈఆర్‌బీ ఖాళీగా ముద్రిస్తుంది. 'మీరు చెల్లించవలసినది రూ.' అని, అంకె లేకుండా ఉత్తరం వెళ్లిపోతుంది. ఎవరో తల్లి దాన్ని పట్టుకుని స్కూల్‌కి వచ్చేదాకా నీకు తెలియదు. బైండింగ్ బదులు రిజల్ట్ విత్ హాష్ అనే మెథడ్ వాడు, దానికి హాష్ (పేరు-విలువ జతల జాబితా) ఇస్తే చాలు. రూబీ 2.5 నుంచి, అంటే 2017 చివరి నుంచి ఉంది. హాష్‌లో ఇచ్చినవన్నీ టెంప్లేట్‌లో లోకల్ వేరియబుల్స్ అవుతాయి. లోకల్ వేరియబుల్ పేరు తప్పు రాస్తే రూబీ అక్కడికక్కడే ఆగి నేమ్ ఎర్రర్ ఇస్తుంది. ఖాళీ ఉత్తరం వెళ్లడం కన్నా ఉత్తరం ఆగిపోవడమే నయం. విలువే నిల్‌గా వస్తే మాత్రం ఇదీ పట్టుకోదు, కాబట్టి హాష్ తయారుచేసేటప్పుడే అది చూసుకో. పనిలోపనిగా ఫైల్ పేరు కూడా ఇంజిన్‌కి చెప్పు, లేకపోతే ఎర్రర్ ఏ టెంప్లేట్‌లోదో వెతుక్కోవాలి.

ఖాళీ వరుసల గురించి అడిగావు. లూప్ వరుస దగ్గర కోడ్ ఏమీ ముద్రించకపోయినా ఆ వరుస చివరి ఎంటర్ మిగిలిపోతుంది, అందుకే పిల్లల పేర్ల మధ్య అన్ని ఖాళీలు. ఇంజిన్‌కి ట్రిమ్ మోడ్ (అనవసరమైన ఎంటర్‌లు తీసేసే పద్ధతి) '-' అని ఇచ్చి, ఆ వరుసలను -%> తో ముగించు. మోడ్ ఇవ్వకుండా -%> రాస్తే ఆ గీత కూడా కోడ్‌లోకే వెళ్లి సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. రూబీతో వెబ్‌సైట్లు కట్టే రెయిల్స్‌లో అది ముందే పెట్టి ఉంటుంది కాబట్టి అక్కడ అలవాటైనవాళ్లు ఇక్కడ తికమకపడతారు.

అలాంటిదే ఇంకో తేడా ఎస్కేపింగ్, అంటే ట్యాగ్ గుర్తులను మామూలు అక్షరాలుగానే కనిపించేలా మార్చడం. 2010లో వచ్చిన రెయిల్స్ 3 నుంచి పేజీలో ముద్రించే విలువలను అదే ఎస్కేప్ చేస్తుంది. నువ్వు నేరుగా వాడుతున్న ఈఆర్‌బీ ఏమీ చేయదు. పేరు గడిలో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ రాస్తే అది నీ పేజీలో ట్యాగ్‌గానే దిగుతుంది. కాబట్టి హెచ్‌టీఎమ్ఎల్ ఉత్తరంలో బయటనుంచి వచ్చిన ప్రతి విలువకూ హెచ్‌టీఎమ్ఎల్ ఎస్కేప్ మెథడ్ పెట్టు. మామూలు టెక్స్ట్ ఉత్తరంలో మాత్రం పెట్టకు, అక్కడ & గుర్తు చిత్రమైన అక్షరాలుగా మారి కనిపిస్తుంది.

ఇక తెలుగు సంగతి, ఇది నాకు ఇష్టమైన విషయం. <%= పేరు %>కి అని రాశావు. వేరియబుల్‌కి తెలుగు పేరు పెట్టావే, భలే ముచ్చటేసింది, రూబీ దాన్ని చక్కగా ఒప్పుకుంటుంది. కానీ మన విభక్తులు పేరు చివరి అక్షరాన్ని బట్టి మారతాయి. లక్ష్మికి, రావుకు బాగానే ఉంటాయి, రమేష్ దగ్గర ఇబ్బంది. వాటికోసం మళ్లీ షరతులు రాయకు. 'గారు' ఉంది కదా. <%= పేరు %> గారికి అంటే ఏ పేరైనా కుదురుతుంది, మర్యాదగానూ ఉంటుంది. ఊరి పేరుకీ అంతే, 'లో' అతికించకుండా 'ఊరు:' అని విడిగా చూపించు. డబ్బు 125,000 అని కాదు, మనవాళ్లు చదివే తీరులో 1,25,000 అని రావాలి. ఆ కామాల పని కూడా క్లాస్‌లోనే చేసి, తయారైన స్ట్రింగ్ పంపు.

స్కూల్ వాళ్లు టెంప్లేట్ తామే రాసుకుంటామని అడిగారన్నావు. ఈఆర్‌బీ మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకు, నాన్నా. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ ఆ గడిలో రాసే ప్రతి <% %> నీ సర్వర్ మీద నడుస్తుంది. ఫైళ్లు తుడిచేయొచ్చు, పాస్‌వర్డ్‌లు చదివేయొచ్చు. ఒక్కరి లాగిన్ వేరేవాళ్ల చేతిలో పడితే చాలు. బయటివాళ్లు రాసే టెంప్లేట్లకి లిక్విడ్ అనే టెంప్లేట్ భాష వాడు. ఆన్‌లైన్ దుకాణాలు నడిపించే షాపిఫై వాళ్లు దుకాణదారుల కోసమే చేసింది. అందులో రూబీ కోడ్ నడవదు, నువ్వు ఇచ్చిన విలువలే కనిపిస్తాయి.

శుక్రవారం లోపు ఆ క్లాస్ విడదీసి, కొత్త టెంప్లేట్ పంపు. దాంతోపాటు నాలుగు ఉత్తరాలు తయారుచేసి జతచెయ్యి: ఒక పిల్లవాడున్న ఇల్లు, ముగ్గురున్న ఇల్లు, బాకీ లేని ఇల్లు, పేరులో & ఉన్నది. ఆదివారం పొద్దున్న ఇద్దరం కూర్చుని చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ