కొత్త రూల్స్ వచ్చేముందు నా మేనకోడలికి

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "మోటోజీపీ బైక్ రేసుల్లో 2027లో రూల్స్ అన్నీ మార్చేస్తున్నారట మామయ్యా, ఇన్నాళ్లూ నేర్చుకున్నదంతా వృథాయేనా?" అని అడిగావు. ఇది ఫోన్‌లో రెండు మాటల్లో తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను ఈ రేసులు చూడడం మొదలుపెట్టింది 500 సీసీ టూ స్ట్రోక్ బళ్ల చివరి రోజుల్లో. 2002లో 990 సీసీ ఫోర్ స్ట్రోక్ వచ్చింది, 2007లో 800, 2012లో 1000. ఇప్పుడు రాబోయే 850 నేను చూడబోయే ఐదో ఇంజన్. మార్చిన ప్రతిసారీ ఇక రేసింగ్ పని అయిపోయిందని ఎవరో ఒకరు అన్నారు. నువ్వు నేర్చుకున్నది ఎక్కడికీ పోదు తల్లీ.

కొత్త రూల్ వచ్చిందనగానే మనవాళ్లకు మొదట తోచే ప్రశ్న, ఇది మన రైడర్‌కు లాభమా నష్టమా అని. నువ్వు అక్కడ మొదలుపెట్టకు. ట్రాక్ మీద ఏం ఇబ్బంది వస్తే ఈ రూల్ పెట్టారో ముందు తెలుసుకో. అది తెలిస్తే రూల్ దానంతటదే గుర్తుంటుంది, బట్టీ పట్టనక్కర్లేదు. తెలియకుండా అభిప్రాయం చెబితే నాకు 2007లో జరిగిందే నీకూ జరుగుతుంది.

ఆ ఏడు, వేగం మరీ ప్రమాదకరంగా పెరిగిపోతోందని ఇంజన్‌ను 990 నుంచి 800కు తగ్గించారు. ఇంజన్ చిన్నదైతే బండి నెమ్మదిస్తుందని నేను గట్టిగా నమ్మాను, అందరితో వాదించాను కూడా. తీరా సీజన్ మొదలయ్యాక చాలా ట్రాకుల్లో ల్యాప్ రికార్డులు, అంటే ఒక్క చుట్టుకు పట్టే సమయాల రికార్డులు, బద్దలయ్యాయి. తిన్నని దారిలో తగ్గిన వేగాన్ని బళ్లు మలుపుల్లో రాబట్టుకున్నాయి. చిన్న ఇంజన్లను ఇంకా ఎక్కువ ఆర్‌పీఎంకు, అంటే నిమిషానికి ఇంకా ఎక్కువ చుట్లు, తిప్పారు, ఎలక్ట్రానిక్స్ మీద ఆధారపడడం పెరిగింది, మలుపులో అందరూ ఒకే గీత మీద పోవాల్సి వచ్చి ఓవర్‌టేక్‌లు తగ్గిపోయాయి. రైడర్లు ఎక్కువగా పడేది మలుపుల్లోనే కదా, మరి ఏ ప్రమాదాన్ని తగ్గించినట్టు? కేసీ స్టోనర్ డుకాటీ మీద ఆ ఏడాది ఛాంపియన్ అయ్యాడు, అతని ప్రతిభ గురించి నాకు అప్పుడూ ఇప్పుడూ సందేహం లేదు. కానీ రూల్ ఒకటి తలచి రాశారు, ఫలితం ఇంకొకటి వచ్చింది.

అందుకే 2012లో 1000 సీసీకి వెళ్లినప్పుడు ఇంకో హద్దు కూడా పెట్టారు. సిలిండర్ వెడల్పు, అంటే బోర్, 81 మిల్లీమీటర్లు దాటకూడదు, సిలిండర్లు నాలుగుకు మించకూడదు. దాని సంగతి నువ్వే కాగితం మీద లెక్కేసి చూడు. వెయ్యి సీసీని నాలుగుతో భాగిస్తే ఒక్కో సిలిండర్‌కు 250. 81 మిల్లీమీటర్ల బోర్‌లో 250 సీసీ పట్టాలంటే పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం, అంటే స్ట్రోక్, సుమారు 48.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఇప్పుడు 850 తీసుకో. ఒక్కో సిలిండర్‌కు 212.5. బోర్‌ను 81 దగ్గరే వదిలేస్తే స్ట్రోక్ 41కి పడిపోతుంది. పిస్టన్ తిరిగే దూరం తగ్గితే ఇంజన్‌ను ఇంకా వేగంగా తిప్పొచ్చు, మళ్లీ 2007 కథే. అందుకని 2027 నుంచి బోర్ హద్దును 75కు తగ్గించారు. అప్పుడు స్ట్రోక్ ఎంతో చూడు, 48.1. దాదాపు పాతదే! ఇంజన్ చిన్నదైంది కానీ ఆర్‌పీఎం పెంచుకునే దారి మూసుకుపోయింది. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఇరవై ఏళ్ల నాటి తప్పును గుర్తుంచుకునే ఈసారి రూల్ రాశారని నాకనిపిస్తోంది.

ఇక టైర్ ప్రెజర్. 2025 ఖతార్ రేసు రాత్రి నువ్వు నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశావు, గుర్తుందా? మావెరిక్ విన్యాలెస్ కేటీఎం మీద రెండో స్థానంలో వచ్చాడు. పోడియం మీద సంబరం కూడా అయ్యాక 16 సెకన్ల పెనాల్టీ పడి 14వ స్థానానికి దిగజారాడు. ఎవరో కావాలని చేశారన్నావు. ఆ రాత్రి నీ కోపం చూసి నేనేమీ అనలేదు, ఇప్పుడు వివరంగా చెబుతాను.

బండి ముందు టైర్‌లో గాలి ఒత్తిడి, అంటే ప్రెజర్, కనీసం 1.8 బార్ ఉండాలి. రేసులో ఇన్ని ల్యాపులు ఆ ప్రెజర్ పైన నడపాలని లెక్క ఉంది, తప్పితే ఆదివారం రేసులో 16 సెకన్లు, శనివారం జరిగే చిన్న రేసు స్ప్రింట్‌లో 8 సెకన్లు పెనాల్టీ. గాలి మరీ తక్కువైతే టైర్ దెబ్బతింటుందని, భద్రత కోసం పెట్టిన హద్దు ఇది. చిక్కెక్కడంటే, ఇంకో బండి వెనకాలే పోతున్నప్పుడు దాని వేడిగాలి తగిలి ముందు టైర్ వేడెక్కి ప్రెజర్ పెరుగుతుంది, మరీ పెరిగితే పట్టు పోతుంది. ఒంటరిగా ముందు పోతుంటే చల్లగాలికి ప్రెజర్ పెరగదు. అంటే శనివారమో ఆదివారమో రేసుకు ముందే, మన రైడర్ గుంపులో ఉంటాడా ముందుంటాడా అని జట్టు ఊహించి గాలి నింపాలి. ఊహ తప్పిందంటే ఒకవైపు పెనాల్టీ, ఇంకోవైపు జారిపడే ప్రమాదం.

అదే ఏడాది తొలి రేసు బురీరామ్‌లో మార్క్ మార్కెజ్ ముందు పోతూ పోతూ, ఉన్నట్టుండి తమ్ముడు అలెక్స్‌ను దాటనిచ్చాడు. చూస్తున్నవాళ్లకు బండి పాడైందేమో అనిపించింది. అతను ప్రెజర్ పెంచుకోవడానికి తమ్ముడి వెనక చేరాడు, కావలసినన్ని ల్యాపులు అలాగే నడిపి చివర్లో దాటేసి గెలిచాడు. కారణం తెలిసి చూస్తే ఆ ల్యాపులు రేసంతటిలోకీ గొప్ప భాగం. తెలియకపోతే ఖాళీగా గడిచిన సమయం.

ఇక్కడ ఇంకో సంగతి గమనించు. రూల్స్ ఒకదానికొకటి చుట్టాలు. ముందు టైర్ అంతగా వేడెక్కడానికి ముందు బండి రెక్కల నుంచి వచ్చే చెదిరిన గాలి కూడా కారణమే. 2027లో ముందు ఫెయిరింగ్, అంటే బండి ముందుభాగాన్ని కప్పే తొడుగు, పైభాగాన్ని 50 మిల్లీమీటర్లు సన్నం చేసి, ముక్కును 50 మిల్లీమీటర్లు వెనక్కి జరుపుతున్నారు. రైడ్ హైట్ పరికరాలు పూర్తిగా నిషేధం. మలుపు దాటగానే బండి వెనక భాగం కిందికి కూర్చునేది ఆ పరికరంతోనే. దానివల్ల ముందు చక్రం లేవదు, బండి బాణంలా దూసుకుపోతుంది. అది లేకపోతే యాక్సిలరేటర్ ఎంత తిప్పాలో మళ్లీ రైడర్ చేతికే వస్తుంది. నాకు ఈ ఒక్క మార్పు చాలు, మిగతావి ఎలా ఉన్నా సరే. పెట్రోల్ ట్యాంక్ 22 నుంచి 20 లీటర్లకు తగ్గుతోంది, ఇంధనం పూర్తిగా శిలాజేతరం, అంటే భూమిలోంచి తీసిన ముడిచమురుతో చేయనిది, అవుతోంది. టైర్లు మిషెలిన్ నుంచి పిరెల్లీకి మారుతున్నాయి. ఈ టైర్ల మార్పును మాత్రం తేలిగ్గా తీసుకోకు. మిషెలిన్ ముందు టైర్‌తో ఏళ్ల తరబడి సర్దుకున్నవాళ్లు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. సూపర్‌బైక్స్ అనే ఇంకో రేసుల పోటీలో పిరెల్లీ మీద మూడు టైటిళ్లు గెలిచి వచ్చిన తొప్రాక్ రజ్‌గాట్లియోలూ లాంటివాడికి అవి పాత నేస్తాలు.

పాయింట్ల సంగతి. ఆదివారం గెలిస్తే 25, రెండో స్థానానికి 20, మూడుకు 16. 2023 నుంచి శనివారం సగం దూరం స్ప్రింట్, గెలుపుకు 12. స్ప్రింట్ చిన్నదే కదా అని వదిలేయకు. 2024లో పెకో బగ్నాయా ఆదివారం రేసులు పదకొండు గెలిచాడు, జార్జ్ మార్టిన్ మూడే గెలిచాడు. ఛాంపియన్ ఎవరు? మార్టిన్, 508 కి 498, పది పాయింట్ల తేడాతో. ఆ ఏడాది మే నెలలో బార్సిలోనా స్ప్రింట్ చివరి ల్యాప్‌లో ముందు పోతున్న బగ్నాయా పడిపోయాడు. పన్నెండు పాయింట్లు ఆ మలుపులో పోయాయి. నవంబర్‌లో మళ్లీ బార్సిలోనాలోనే టైటిల్ చేజారినప్పుడు నాకు ఆ మే శనివారమే కళ్లముందు మెదిలింది. ఇంకా వెనక్కి పోతే, 2020లో సుజుకీ మీద జోన్ మిర్ ఒకే ఒక్క రేసు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. కాబట్టి మనవాడు ఐదో స్థానంలో వచ్చిన రోజు టీవీ కట్టేయకు. పదకొండు పాయింట్లు ఊరికే రావు.

నువ్వు ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఫోన్‌లో కాదు, కాగితం మీదే. ప్రతి వారాంతానికి ఒక పేజీ చాలు. శుక్రవారం ప్రాక్టీస్‌లో మొదటి పదిమంది ఎవరు, ఎందుకంటే వాళ్లే నేరుగా క్యూ2కు, అంటే రేసులో ముందు వరస స్థానాలు తేల్చే రెండో క్వాలిఫైయింగ్‌కు, పోతారు. మిగిలినవాళ్లలో క్యూ1 నుంచి ఇద్దరికే దారి. ఎవరి ల్యాప్ పసుపు జెండా, అంటే ట్రాక్ మీద ప్రమాదం ఉందన్న హెచ్చరిక, వల్ల రద్దయిందో కూడా రాసుకో, రేసు మొదలయ్యే వరసలో, అంటే గ్రిడ్‌లో, మంచి రైడర్ ఎందుకు వెనకబడ్డాడో అది చూస్తే తెలుస్తుంది. ఎవరు ఏ టైర్ ఎంచుకున్నారు, ఎన్నో ల్యాప్ నుంచి సమయాలు పడిపోయాయి. ఐదు రేసులయ్యేదాకా ఎవరి గురించీ తీర్పు చెప్పకు. 2022లో బగ్నాయా మధ్య సీజన్‌లో తన పోటీదారు ఫాబియో క్వార్తరారో కంటే 91 పాయింట్లు వెనకపడి కూడా టైటిల్ గెలిచాడు.

వీలైతే మోటోజీపీ కింది తరగతులైన మోటో3, మోటో2 రేసులు కూడా చూడు. 2021లో పెద్రో అకోస్టా మోటో3లో తన రెండో రేసు పిట్ లేన్ నుంచి, అంటే అందరి వెనక జట్ల గ్యారేజీల పక్క దారి నుంచి, మొదలుపెట్టి గెలిచాడు. అది చూసినవాళ్లకు అతను పెద్ద క్లాస్‌లో ఏం చేసినా ఆశ్చర్యం కలగదు.

ఇప్పుడు కాస్త బరువైన మాట. 2015లో మలేషియాలోని సెపాంగ్‌లో వాలెంటీనో రోసీ, మార్క్ మార్కెజ్ తగులుకుని మార్కెజ్ పడిపోయాడు. పెనాల్టీ వల్ల రోసీ చివరి రేసు వాలెన్సియాలో అందరికంటే వెనక నుంచి మొదలుపెట్టాడు, నాలుగో స్థానానికి వచ్చినా టైటిల్ ఐదు పాయింట్ల తేడాతో అతని జట్టువాడే జార్జ్ లొరెంజోకు పోయింది. నేను రోసీ అభిమానిని. ఆ గొడవలో పదేళ్లుగా కలిసి రేసులు చూసిన ఒక స్నేహితుడితో మాటలు పోగొట్టుకున్నాను. అతనిది మార్కెజ్ పక్షం. నాలుగేళ్లు పట్టింది మళ్లీ కలవడానికి. ఆ నాలుగేళ్ల రేసులు ఒంటరిగా చూశాను, ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. నువ్వు వాదించు, గట్టిగానే వాదించు, కానీ ఆదివారం సాయంత్రానికి ఫోన్ చేసి మాట్లాడగలిగేలా వాదించు.

ఎవరు పడిపోయినా సంతోషించకు తల్లీ. టైటిల్‌కు పోటీ ఉన్నవాడైనా సరే. 2010లో మిసానోలో షోయా తొమిజావా, 2011లో సెపాంగ్‌లో మార్కో సిమోన్‌చెలీ, 2016లో లూయిస్ సలోమ్, 2021లో ముజెల్లోలో జేసన్ దుపాస్కియే. వీళ్లు పోయిన రోజులు నాకు గుర్తున్నాయి. 2018 నుంచి సూట్‌లో ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు, ఎందరినో అది లేపి నిలబెట్టింది. అయినా పడినవాడు లేచి నిలబడి చేయి ఊపేదాకా నేను స్కోరు చూడను.

నీకిష్టమైన రైడర్ కింద ఉన్నప్పుడు వదలకు. నేను ఎంత కోప్పడినా, మార్కెజ్ విషయంలో నా మనసు మారింది. 2020 జులైలో హెరెస్‌లో చేయి విరిగింది, నాలుగుసార్లు ఆపరేషన్, మధ్యలో చూపు రెండుగా కనిపించే సమస్య. హోండాను వదిలి గ్రెసీనీ జట్టుకు వెళ్లి 1043 రోజుల తర్వాత 2024లో అరగాన్‌లో మళ్లీ గెలిచాడు. 2025లో మొతెగిలో ఛాంపియన్ అయినప్పుడు నేను నా స్నేహితుడికి ఫోన్ చేశాను. అతను ఎత్తాడు గానీ కాసేపు మాట్లాడలేకపోయాడు.

సరే, చేయాల్సిన పని చెబుతాను. కొత్త సీజన్‌కు ముందు టెస్టులు జరిగినప్పుడు, టాప్ టైమ్ ఎవరిదని చూడకు. ఒక్క ల్యాప్ సమయం కొత్త టైర్‌తో ఎవరైనా తీస్తారు. ఆగకుండా పది ల్యాపులు వరుసగా తిప్పినవాళ్లను వెతుకు, మొదటి ల్యాప్‌కూ పదో ల్యాప్‌కూ తేడా ఎంతో పక్కన రాయి. పేజీ నిండాక ఫొటో తీసి పంపు. నా పేజీ నేను పంపుతాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య