స్టెంట్ పడ్డాక ఆ మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 56. ఏడాది క్రితం స్టెంట్ వేశారు. రోజూ గుండె మాత్రలు వాడుతున్నాను. అంగస్తంభన సరిగా లేక, స్నేహితుడు ఇచ్చిన సిల్డెనాఫిల్ 50 మి.గ్రా. రెండుసార్లు వేసుకున్నాను. ఫలితం అంతంతమాత్రమే. రెండోసారి కాస్త కళ్లు తిరిగాయి. 100 వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. 100 మాట అటుంచి, 50 కూడా వెంటనే ఆపేయండి. నాకు కంగారు పుట్టించింది మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన ఆ కళ్లు తిరగడమే.

ఏ మాత్రలు వాడుతున్నారో రాయలేదు. ఛాతీ నొప్పికి ఐసోసార్బైడ్ లాంటి నైట్రేట్ గానీ, నాలుక కింద పెట్టుకునే మాత్ర గానీ వాటిలో ఉందా? నైట్రేట్లూ సిల్డెనాఫిల్ కూడా రక్తనాళాలను వదులు చేసేవే. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ప్రాణాల మీదికి రావచ్చు. ఛాతీ నొప్పికే ఇచ్చే నికోరాండిల్‌తోనూ ఇదే ప్రమాదం. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ లాంటిది వాడుతుంటే అదీ చెప్పాలి.

ఇక దాచడం గురించి. కొందరు ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చి, పక్కన ఇంట్లోవాళ్లు ఉన్నారని ఈ మాత్ర సంగతి మింగేస్తారు. డ్యూటీ డాక్టర్ నొప్పి తగ్గడానికి నైట్రేట్ ఇస్తే అదే ముప్పవుతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, అదే తరహా మాత్ర టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు నైట్రేట్ ఇవ్వకూడదు. నోరు తెరిచి చెప్పలేకపోతే ఖాళీ స్ట్రిప్ చేతిలో పెట్టండి. మాకు కావలసింది మాత్ర పేరు, వేసుకున్న సమయం, అంతే. ఈ తరహా మాత్ర వేసుకున్నాక ఇంట్లో ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద మాత్ర పెట్టుకోకుండా వెంటనే అంబులెన్స్ పిలవండి. మూలికల మందు కదా అని కూడా ధీమా వద్దు. అలా అమ్మేవాటిలో కొన్నింట్లో సిల్డెనాఫిల్ కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది.

మీ సమస్యకు షుగర్, టెన్షన్, కొన్ని బీపీ మందులు, ఏదైనా కారణం కావచ్చు. అనుమానంతో అటెనొలాల్ లాంటివి మీ అంతట మీరు మానేయకండి, గుండె నొప్పి తిరగబెట్టవచ్చు. నైట్రేట్ అవసరం లేక, రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగేవారికి ఈ తరహా మాత్రలు మేమే రాస్తుంటాం. అయితే మిమ్మల్ని చూడకుండా నేను ఇక్కడ డోసు చెప్పలేను. ఈ వారంలోనే స్ట్రిప్‌లన్నీ, స్నేహితుడు ఇచ్చినదానితో సహా, పట్టుకుని మీ కార్డియాలజిస్టును కలవండి. కళ్లు తిరిగిన విషయం ముందు చెప్పండి.