ఫెదర్‌వెయిట్ కుట్లు వదిలేస్తుంటే ముందు సూది చూడండి

అక్కా, మీ అత్తగారు అమెరికా నుంచి తెచ్చిన సింగర్ 221 (ఫెదర్‌వెయిట్) కుట్టు మిషన్ కుట్లు వదిలేస్తోందని, మెకానిక్ మోటార్ మార్చమన్నాడని రాశారు. దయచేసి మార్చకండి! ముందు కొత్త సూది వేయండి. ఇందులో సూది చదును వైపు ఎడమకు ఉండాలి, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కించాలి. తిరగబడితే కింద తిరిగే హుక్ (కొక్కెం) దారాన్ని అందుకోలేదు. బాబిన్ కేస్ (కింది దారం కండె పెట్టే డబ్బీ) తీసి, హుక్ చుట్టూ పేరుకున్న పీచు కూడా తుడవండి.

ఇంకో ముఖ్యమైన మాట. మిషన్ వివరాల ప్లేట్ మీద 110 వోల్టులని ఉంటే మన 230 ప్లగ్‌లో నేరుగా పెట్టొద్దు, మోటార్ కాలిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో 230ని 110కి తగ్గించే 200 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అడగండి. మోటార్ గొట్టాల్లో నూనె పోయకూడదు, గ్రీజే పెట్టాలి.

1933లో వచ్చిన మోడల్ ఇది, అల్యూమినియం బాడీ, బరువు 5 కిలోలే. అమ్మేయాలనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.