నేషన్‌స్టేట్స్‌లో చిన్న రీజియన్‌కు ఎలాంటి ప్రభుత్వం నప్పుతుంది?

నేషన్‌స్టేట్స్ అనే ఆన్‌లైన్ ఆటలో ఆటగాళ్లు సొంత దేశాల్ని నడుపుతారు, కొన్ని దేశాల గుంపే రీజియన్. చురుకైన సభ్యులు ఇరవై మందే ఉన్న రీజియన్‌లో రెండు సభలు, కోర్టు, ఎనిమిది మంత్రిత్వ శాఖలు పెడితే అందరూ మంత్రులే అవుతారు, ఓటేసే పౌరుడే మిగలడు. అందరూ సభ్యులుగా ఒకే సభ, ఒక ప్రధాని, ఇద్దరు మంత్రులు చాలు. పదవీకాలం మూడు నెలలు. ఓటింగ్ ఐదు రోజులు తెరిచి ఉంచండి, ఆటగాళ్లు వేర్వేరు టైమ్‌జోన్లలో ఉంటారు కదా. సవరణకు కావలసిన మెజారిటీని మొత్తం సభ్యుల మీద లెక్కిస్తే వెళ్లిపోయినవాళ్ల వల్ల ఏ సవరణా నెగ్గదు. పోలైన ఓట్లలో మూడింట రెండొంతులు అని రాయండి.

అసలు చిక్కు వేరే. మీ రాజ్యాంగం ఆటకు తెలియదు. రీజియన్‌లోని వరల్డ్ అసెంబ్లీ (ఆటలోని ఐక్యరాజ్యసమితి లాంటిది) సభ్యదేశాల్లో ఎక్కువ ఎండార్స్‌మెంట్లు (తోటి సభ్యదేశాలిచ్చే మద్దతు) ఉన్నదే అప్‌డేట్‌లో, అంటే ఆట లెక్కలు తాజా చేసేటప్పుడు, డెలిగేట్ (రీజియన్ ప్రతినిధి) అవుతుంది, అప్‌డేట్ రోజుకు రెండుసార్లు. మీ ఎన్నికలో గెలిచినవారు ఎవరైనా సరే! ఆ డెలిగేట్‌కు ఎగ్జిక్యూటివ్ అధికారం (రీజియన్ సెట్టింగులు మార్చే పూర్తి హక్కు) కూడా ఉంటే కుట్రకు దారి తెరిచినట్టే. గవర్నర్ (రీజియన్‌పై పై అధికారం ఉన్న దేశం, 2023కు ముందు ఇది ఫౌండర్‌ది) చురుగ్గా ఉంటే డెలిగేట్‌కున్న ఆ అధికారాన్ని తీసేయండి. లేదంటే మిగతావాళ్ల ఎండార్స్‌మెంట్లకు చట్టంలో పరిమితి పెట్టండి, డెలిగేట్‌కున్నవాటిలో సగం అని. గవర్నర్ 28 రోజులు లాగిన్ కాకపోతే (వెకేషన్ మోడ్‌లో 60) ఆ దేశమే మాయమవుతుంది, అందుకని వారసుణ్ని ముందే నియమించుకోండి.