కోసినా మళ్లీ మొలిచిన చిగురు గడ్డ

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. పై దవడలో ముందుపంటికీ కోరపంటికీ మధ్య చిగురు మీద శనగగింజంత బుడిపె వస్తే, నిరుడు ఒక క్లినిక్‌లో కోసి తీసేశారు, ముక్కను పరీక్షకు పంపలేదు. ఎనిమిది నెలలకే అదే చోట మళ్లీ మొలిచి, ఇప్పుడు రేగిపండంత అయింది. నొప్పి లేదు గానీ బ్రష్ తగిలితే రక్తం వస్తోంది. ఇది క్యాన్సరా? పన్ను పీకించాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మీరు రాసిన వయసు, చోటు, పెరిగిన తీరు చూస్తే ఇది క్యాన్సర్ కాని గడ్డ అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. పదికీ ఇరవైకీ మధ్య వయసులో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, సరిగ్గా ఆ చోటే పళ్ల సందులోని చిగురు నుంచి వచ్చే పెరిఫెరల్ ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అనే గడ్డ ఒకటుంది. పంటిని ఎముకకు పట్టి ఉంచే పొరలోని కణాల నుంచి అది పుడుతుందని వైద్యులు భావిస్తారు. లోపల ఎముకలాంటి గట్టి రేణువులు ఏర్పడతాయి గానీ, అది దవడ ఎముకలో పుట్టే గడ్డ కాదు. సాధారణంగా 2 సెంటీమీటర్లు దాటదు.

అయితే చూపుకు ఇలాగే ఉండేవి మరికొన్ని ఉన్నాయి. పయోజెనిక్ గ్రాన్యులోమా ఎర్రగా, మెత్తగా ఉండి, ముట్టుకుంటే చాలు రక్తం కారుతుంది. పేరుకు చీము అనే అర్థం ఉన్నా అందులో చీము ఉండదు. జెయింట్ సెల్ గ్రాన్యులోమా కాస్త నీలంగా కనిపిస్తుంది. అది పదేపదే వస్తుంటే రక్తంలో క్యాల్షియం, దాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోన్ కూడా చూడాలి. పంటి ఎక్స్‌రేలో గట్టి రేణువులు కనిపిస్తే కొంత ఆధారం దొరుకుతుంది, కనిపించనంత మాత్రాన ఫైబ్రోమా కాదనలేం. పేరు తేల్చేది మైక్రోస్కోపే. నిరుడు తీసిన ముక్కను పారేయకుండా ఉంటే ఈ ప్రశ్నలో సగం అప్పుడే తీరిపోయేది.

పైకి కనిపించిన మేరకే కోస్తే మొదలు మిగిలిపోయి మళ్లీ మొలుస్తుంది. ఈసారి చిగుళ్ల నిపుణుల దగ్గరికి వెళ్లండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గడ్డను ఎముక పైపొర దాకా, పంటిని పట్టి ఉంచే పొరలోని ఆ భాగంతో సహా తీసి, పంటి వేరు మీది గారను గీకి శుభ్రం చేస్తారు. గార, గరుకుగా మిగిలిన ఫిల్లింగ్ అంచు, ఒరుసుకునే క్లిప్పు తీగ వంటివి ఉంటే సరిచేయించాలి, ఎందుకంటే ఆ రాపిడే గడ్డకు ఊతమిస్తుంది. ఇంత చేసినా నూటికి 8 నుంచి 20 మందిలో మళ్లీ వచ్చినట్టు నివేదికలున్నాయి కాబట్టి కొన్నేళ్ల పాటు చూపించుకుంటూ ఉండాలి. పన్ను పీకాల్సిన అవసరం మాత్రం చాలా అరుదు.

పన్ను కదిలినా, పెదవి మొద్దుబారినా, గడ్డ వారాల్లోనే పెరిగిపోతున్నా ఆలస్యం చేయవద్దు. ముక్కను ఏ ల్యాబుకు పంపుతున్నారో ఆపరేషన్‌కు ముందే అడగండి. రిపోర్టును మీ దగ్గరే దాచుకోండి.